అద్దెలో కలిసిపోయిన కరెంటు

దోహాలో అద్దెకి ఇల్లు వెతుక్కునేవాడు "ఎంత?" అని అడిగాక అడిగే రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "కహ్రామా కలిపేనా?" కలిపే అంటే కరెంటు, నీళ్ళ బిల్లు ఇంటాయన కడతాడు. విడిగా అంటే మీటరు మన పేరు మీదుంటుంది. కహ్రామా అన్నది ఇక్కడి కరెంటు, నీళ్ళ సంస్థ. 2000లో ఏర్పడింది. అరబిక్‌లో కహ్రబా అంటే కరెంటు, మా అంటే నీళ్ళు. రెండూ అతికించి పేరు పెట్టారు.

కహ్రబా అసలు పారశీక మాట. కాహ్ అంటే గడ్డిపరక, రుబా అంటే లాక్కుపోయేది. ఆంబర్ అని ఒక రకం శిలాజ జిగురు ఉంది కదా, దాన్ని ఉన్నిగుడ్డకేసి రుద్దితే గడ్డిపరకల్ని లాక్కుంటుంది, అందుకని దానికా పేరు. గ్రీకులు అదే జిగురుని ఎలెక్ట్రాన్ అన్నారు. ఎలక్ట్రిసిటీ అన్న మాట అందులోంచే పుట్టింది. వాళ్ళిద్దరూ జిగురు దగ్గర ఆగితే మనవాళ్ళు ఏకంగా ఆకాశంలో మెరుపు పేరు తెచ్చి విద్యుత్తు అన్నారు. నెలాఖరున బిల్లు వచ్చినప్పుడు మాత్రం పారశీకుల మాటే సరైందనిపిస్తుంది.

ఇళ్ళల్లో కరెంటు పొదుపు గురించి రాద్దామని కూర్చుంటే నా ఆలోచన ఈ "కలిపేనా, విడిగానా" దగ్గరే తిరుగుతోంది. చిట్కాలు అందరికీ తెలిసినవే. తెలిసినా ఎందుకు చెయ్యమన్నదే నాకు ఆసక్తి. దానికి ఈ ఊళ్ళో ఒక చరిత్ర ఉంది. అది నిజానికి చల్లదనం చరిత్ర, ఎందుకంటే ఖతార్‌లో ఎండాకాలం ఇంటి కరెంటంటే ఏసీయే. లైట్లూ, టీవీ, వాషింగ్ మెషీనూ అన్నీ కలిపినా దాని పక్కన చిల్లర ఖర్చు.

ముందు ఏసీ లేని కాలానికి వెళదాం. నూనె దొరకక ముందు ఈ ఊరికి ముత్యాలే జీవనాధారం. ముత్యాల వేట పెద్ద సీజను సరిగ్గా మండుటెండల్లో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఊళ్ళో ఒంట్లో సత్తువున్న మగవాళ్ళలో చాలామంది ఆ నాలుగు నెలలూ పడవల మీద, సముద్రంలో ఉండేవాళ్ళు. ఇంట్లో మిగిలేది ఆడవాళ్ళూ, పిల్లలూ, ముసలివాళ్ళూ. అప్పటి ఇళ్ళు ముందుగా వాళ్ళ కోసం కట్టినవని నాకనిపిస్తుంది.

గోడలు సముద్రంలోంచి తెచ్చిన పగడపు రాయితో కట్టేవారు. పైన జిప్సం పూత, తెల్లగా. పైకప్పుకి తూర్పు ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చిన మడ చెట్ల దుంగలు. ఆ దుంగ పొడుగెంతో గది వెడల్పంతే. పాత ఇళ్ళలో గదులన్నీ సన్నగా, పొడుగ్గా ఉండటానికి కారణం అదే. వీధి వైపు కిటికీలు దాదాపు ఉండవు. మధ్యలో ఆకాశానికి తెరిచిన ముంగిలి, దాని చుట్టూ వరండా, వరండా వెనక గదులు. పక్కింటి గోడా మన గోడా కలిసే ఉంటాయి కాబట్టి ఎండ తగిలే గోడలు తక్కువ. వీధులు ఇరుకు, వాటిని సిక్కా అంటారు. ఏ వేళప్పుడైనా ఒక పక్కన నీడ ఉంటుంది. రాత్రిళ్ళు పడక డాబా మీద.

గోదావరి జిల్లాల వాళ్ళకి ఇదంతా ఎక్కడో చూసినట్టే ఉంటుంది. మా తాతగారి ఊళ్ళో మండువా లోగిలి ఇదే లెక్క మీద నడిచింది: మధ్యలో ఆకాశం, చుట్టూ వసారా, మందపాటి గోడలు. తేడా ఏమిటంటే మన మండువాలోకి వాన పడుతుంది, దాని కోసమే అంత వాలు పెంకులూ, మధ్యలో నీళ్ళు పోయే తూమూ. ఇక్కడి ముంగిలికి ఏడాదిలో వాన పడే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకొక వస్తువు మాత్రం మనకి లేదు: గాలి బురుజు. పారశీకంలో బాద్‌గీర్ అంటే గాలిని పట్టేది, గల్ఫ్ అరబిక్‌లో బర్జీల్. ఇరాన్ తీరం నుంచి వచ్చిన వర్తకులతో పాటు ఇవతలి ఒడ్డుకి చేరింది. దుబాయ్‌లో బస్తకియా అనే పేటంతా ఇరాన్‌లోని బస్తక్ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్నదే. దోహాలో సూక్ వాకిఫ్‌కి దగ్గర్లో, నజాదా పేటలో, 1930ల నాటిదని చెప్పే ఒక గాలిబురుజు ఇల్లు మిగిలింది. దాన్ని కొన్నాళ్ళు జానపద మ్యూజియంగా కూడా వాడారు. ఇంటి మీద నలుచదరంగా ఒక బురుజు, నాలుగు పక్కలా తెరిచి ఉంటుంది. లోపల గుణకారం గుర్తులాగా అడ్డగోడలు. ఏ వైపు నుంచి గాలి వీస్తే ఆ వైపు గొట్టం గాలిని కిందికి గదిలోకి దించుతుంది, ఎదురు వైపు గొట్టం గదిలోని వేడిగాలిని పైకి లాగేస్తుంది. మోటారు లేదు, మీటరు లేదు.

ఇంటర్నెట్‌లో దీని గురించి రాసేవాళ్ళు కొంచెం ఎక్కువే పొగుడుతారు. ఇరాన్ లోపలి ఎడారిలో గాలి పొడిగా ఉంటుంది. అక్కడ బాద్‌గీర్ కింద నీళ్ళుంటే, గాలి వాటిని తాకి నిజంగానే చల్లబడుతుంది. మన దగ్గర వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లడం లాంటిదే. ఎయిర్ కూలర్ హైదరాబాద్‌లో పనిచేసి విశాఖపట్నంలో చెయ్యకపోవడం కూడా ఇందుకే. దోహా విశాఖ లాంటిది. ఆగస్టు రాత్రి గాలిలో తేమ ఎంతుంటుందంటే, ఏసీ గదిలోంచి బయటికి రాగానే కళ్ళజోడు మసకబారిపోతుంది. అలాంటి రాత్రి గాలిబురుజు గాలిని చల్లబరచలేదు, కదిలించగలదు అంతే. ఒంటి మీద చెమటకి గాలి తగలడమే దానివల్ల వచ్చే సుఖం. అప్పటివాళ్ళు హాయిగా బతికారని నేననను. తట్టుకున్నారు. ఆ తట్టుకోవడానికి కావలసిన తెలివినంతా గోడల్లో పెట్టారు.

1930లలో జపాన్ పెంపుడు ముత్యాలొచ్చి ఇక్కడి వేట కుప్పకూలింది. 1939-40లో పడమటి వైపు దుఖాన్ దగ్గర నూనె పడింది గానీ యుద్ధం వచ్చి బావులు మూసేశారు. మొదటి నూనె ఓడ బయల్దేరింది 1949 డిసెంబర్ 31న. ఆ తర్వాత పదేళ్ళలో కరెంటొచ్చింది, సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటూ వచ్చింది. ఈ రెండూ అప్పట్నుంచీ కవల పిల్లలే. ఇక్కడ కుళాయి తిప్పితే వచ్చేవి ఉప్పు తీసిన సముద్రపు నీళ్ళు. కొత్త రకం ప్లాంట్లలోనైనా వెయ్యి లీటర్ల నీళ్ళు తయారవ్వాలంటే మూడు నాలుగు యూనిట్ల కరెంటు కావాలి, నీటిని మరిగించే పాత రకానికి ఇంకా ఎక్కువ. అందుకే కరెంటుకీ నీళ్ళకీ ఒకటే సంస్థ. పళ్ళు తోముకుంటూ కుళాయి వదిలేస్తే మనూళ్ళో పోయేది నీళ్ళే, ఇక్కడ గ్యాసు కూడా.

తర్వాతి ముప్ఫై ఏళ్ళలో ఊరి రూపం మారిపోయింది. పగడపు రాయి ఇళ్ళు కొట్టేశారు. ప్రతి కుటుంబానికీ ఒక ప్లాటు, చుట్టూ ప్రహరీ, మధ్యలో సిమెంటు దిమ్మల విల్లా. చరిత్ర పుస్తకాల్లో దీన్ని అభివృద్ధి అని రాస్తారు, నిజంగా అభివృద్ధే. మంచినీళ్ళు, ఆసుపత్రి, బడి అన్నీ దాంతోనే వచ్చాయి. కానీ ఇల్లు లోపలిది బయటికి తిరగేసినట్టయింది. పాత ఇంటికి ఖాళీ మధ్యలో ఉండేది, గోడలు పక్కవాళ్ళతో కలిసేవి. కొత్త ఇంటికి ఖాళీ చుట్టూ ఉంది. నాలుగు గోడలూ, పైకప్పూ రోజంతా ఎండలో నిలబడతాయి. సిమెంటు దిమ్మ పగలంతా వేడిని తాగి, రాత్రి మనం పడుకునే వేళకి గదిలోకి కక్కుతుంది. ఇలాంటి ఇల్లు కట్టే ధైర్యం ఏసీ ఉందన్న నమ్మకంతోనే వస్తుంది. ఏసీని ఇంట్లో పెట్టలేదు, ఏసీ చుట్టూ ఇల్లు కట్టారు.

ఇక్కడి పౌరుల ఇళ్ళకి కరెంటు, నీళ్ళు ఉచితం. నూనె డబ్బు జనానికి పంచే పద్ధతుల్లో అదొకటి. దీన్ని విని నవ్వే తెలుగువాళ్ళని చూశాను. నవ్వడానికి మనకేం హక్కుంది? 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపు మీద జరిగిన ఊరేగింపులో పోలీసు కాల్పులకి మనుషులు చచ్చిపోయారు. నాలుగేళ్ళు తిరక్కుండా, 2004 మే 14న, కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే రైతులకి ఉచిత విద్యుత్ ఫైలు మీద మొదటి సంతకం పెట్టారు. కరెంటు బిల్లు ఎక్కడైనా రాజకీయమే. దాని మీద అంకె వేసేది ఇంజనీరు ఒక్కడే కాదు.

తేడా ఒకటుంది. ఖతార్ జనాభాలో పౌరులు సుమారు పదిమందిలో ఒకరు. మిగిలిన మేమందరం బిల్లు కట్టేవాళ్ళమే, అయితే చాలా తక్కువ రేటుకి. నా ఫ్లాటుకి మొదటి 2000 యూనిట్ల దాకా యూనిట్ 11 దిర్హాములు, అంటే రెండున్నర రూపాయలు. ఆ 2000 అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తెలంగాణలో 2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి కింద నెలకి 200 యూనిట్లలోపు వాడిన ఇళ్ళకి బిల్లు సున్నా. 200 దాటితే మాత్రం మొత్తం కట్టాలి. జగిత్యాల దగ్గర మా స్నేహితుడి వాళ్ళమ్మగారు మే నెలాఖర్లో రోజూ మీటరు దగ్గరికెళ్ళి అంకె చూసుకుంటారట. 190 దాటిందంటే కూలరు ఆపి వాకిట్లో మంచం వేసుకుంటారు. ఇక్కడ వాళ్ళబ్బాయి ఉండే విల్లాకి మొదటి మెట్టే ఆవిడ హద్దుకి పదింతలు.

ఇప్పుడు లెక్క చేద్దాం, ఇంజనీరింగు చదివినందుకు ఇదొక్కటన్నా పనికి రావాలి. జూలైలో ఒక చిన్న కుటుంబం ఫ్లాటులో 1500 యూనిట్లు కాలిందనుకోండి. ఏసీని ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని మన దేశంలో బీఈఈ వాళ్ళు చెబుతారు. వాళ్ళే 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నిబంధన పెట్టారు. రెండు డిగ్రీలు పెంచి, మొత్తం మీద పది శాతం ఆదా చేశామనుకుందాం. 150 యూనిట్లు. బిల్లులో తగ్గేది పదహారున్నర రియాళ్ళు. రోడ్డు పక్కన పది, పదిహేను కరక్ టీల ఖర్చు. నెలంతా రెండు డిగ్రీల ఉక్క భరించి పదిహేను టీలు సంపాదించడానికి ఎవడు ముందుకొస్తాడు?

అదే 150 యూనిట్లని ఇంకో తక్కెడలో వేయండి. ఇక్కడి కరెంటు దాదాపు అంతా గ్యాసు మీదే వస్తుంది. యూనిట్‌కి అరకిలో దాకా కార్బన్ డయాక్సైడ్. 150కి 75 కిలోలు. సగటు భారతీయుడి వాటా ఏడాదికి రెండు టన్నులు, నెలకి 165 కిలోలు. అంటే రెండు డిగ్రీల తేడాతో ఒక్క ఫ్లాటులో మిగిలేది మనదేశంలో ఒక మనిషి నెల మొత్తం వాటాలో దాదాపు సగం. తలసరి ఉద్గారాల్లో ఖతార్ చాలా ఏళ్ళుగా ప్రపంచంలో మొట్టమొదటి వరసలో ఉంది, మనిషికి ముప్ఫై టన్నుల పైన. అందులో విదేశాలకి అమ్మే గ్యాసుని తయారుచెయ్యడానికి అయ్యేది చాలా ఉంది కాబట్టి అదంతా ఇళ్ళ నెత్తిన రుద్దకూడదు. అయినా పదిహేను టీలకీ 75 కిలోలకీ మధ్య ఉన్న ఎడమే ఈ ఊరి అసలు సమస్య అని నా అభిప్రాయం. రేటు అబద్ధం చెబుతుంటే మనిషికి పొదుపు బుద్ధి ఎక్కడ్నించి వస్తుంది?

రేటు చెప్పలేనిదాన్ని చట్టంతో చెప్పించడానికి ప్రభుత్వం ప్రయత్నించింది. కరెంటు, నీళ్ళ వృథా మీద 2008లో 26వ నంబరు చట్టం వచ్చింది. పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా ఇంటి బయటి లైట్లు వెలుగుతూ ఉంటే నేరం. గొట్టంతో కారు కడిగినా, ముంగిలి కడిగినా నేరం. 2015లో జరిమానాలు పెంచారు, 20,000 రియాళ్ళ దాకా. 2012 ఏప్రిల్‌లో తర్షీద్ అనే జాతీయ పొదుపు కార్యక్రమం మొదలైంది. దారి తప్పకుండా నడిపించడం అన్న అర్థమొచ్చే ధాతువులోంచి వచ్చిన మాట అది, రషీద్ అన్న పేరుకి చుట్టం. 2016లో 75, 100 వాట్ల పాత బల్బుల్నీ, కరెంటు బాగా తాగే ఏసీలనీ దుకాణాల్లోకి రాకుండా ఆపారు. నన్నడిగితే ఆ చివరిదే అన్నిటికన్నా పెద్ద పని. జరిమానా చూసి ఎవరు మారారో చెప్పలేం గానీ, దుకాణంలో లేని ఏసీని ఎవరూ కొనలేరు.

బల్బుల విషయంలో మాత్రం మనవాళ్ళే ముందున్నారు. 2014 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంటికి రెండు ఎల్ఈడీ బల్బులు, పది రూపాయలకొకటి చొప్పున పంచడం మొదలుపెట్టారు. దేశమంతా ఉజాలా పేరుతో అది పాకింది 2015 జనవరి తర్వాత. పంచిన బల్బుల కన్నా విశేషం ధరది. ప్రభుత్వ సంస్థ టోకున కొంటూ పోయేసరికి 2014 మొదట్లో 310 రూపాయలున్న బల్బు మూడేళ్ళలో 40 లోపుకి దిగింది. మా అమ్మమ్మ ఇంట్లో ఎవరూ పర్యావరణం మాట ఎత్తలేదు. పది రూపాయల బల్బు, బిల్లు తగ్గింది, అంతే. అక్కడ బల్బు పెట్టుకున్నదీ బిల్లు కట్టిందీ ఒకే చెయ్యి.

ఒకే చెయ్యి కానప్పుడు ఏమవుతుందో దోహా చూపిస్తుంది. బిల్లు అద్దెకున్నవాడు కడితే, ఇంటాయన దొరికినవాటిలో చవక ఏసీ తెచ్చి బిగిస్తాడు. కరెంటు ఎంత తాగినా ఆయన జేబు కాదు. బిల్లు ఇంటాయన కడితే, అద్దెకున్నవాడు పొద్దున్న డ్యూటీకి పోతూ ఏసీ వదిలేస్తాడు, సాయంత్రం వచ్చేసరికి గది కొలిమిలా ఉండకూడదు కదా. ఎటు తిప్పినా నష్టమే. నేను మొదట్లో ఉన్న విల్లాలో కిటికీ ఏసీ ఆటో ఇంజనులా మోగేది. చుట్టూ అట్టముక్కలు కుక్కి టేపు అంటించి ఉండేది, అయినా సందుల్లోంచి దుమ్ము వచ్చేది. ఇంటాయన్ని మార్చమంటే "పనిచేస్తోందిగా" అన్నాడు. పనిచేస్తోంది, నిజమే. బిల్లు మాదే.

2013లో ఇక్కడ ఒక చక్కటి ప్రయోగం జరిగింది. బర్వా సిటీలో పక్కపక్కనే రెండు విల్లాలు కట్టారు, పేరు బైత్‌నా, మన ఇల్లు అని అర్థం. ఒకటి మామూలు పద్ధతిలో, ఇంకొకటి జర్మనీవాళ్ళ పాసివ్ హౌస్ పద్ధతిలో. ఆ పద్ధతిలో మొదటి ఇళ్ళు 1991లో డార్మ్‌స్టాట్‌లో వచ్చాయి. గోడలకి లావుపాటి దుప్పటి కప్పినట్టు ఇన్సులేషన్, గాలి దూరని తలుపులు, కిటికీలు, లోపలికొచ్చే కొత్తగాలికీ బయటికెళ్ళే పాతగాలికీ మధ్య వేడి మార్చుకునే యంత్రం. అక్కడ వేడి బయటికి పోకుండా కనిపెట్టినదాన్ని ఇక్కడ వేడి లోపలికి రాకుండా వాడారు. ఫ్లాస్కు లాంటిదే, కాఫీ పోసినా ఐసు పోసినా దానికొకటే. కరెంటు, నీళ్ళు, కార్బన్ సగానికి తగ్గాలన్నది లక్ష్యం. లెక్క సాధ్యమే. కానీ అంత ఖర్చుపెట్టి కట్టేవాడు ఇంటాయన, సుఖపడేది అద్దెకున్నవాడు. మళ్ళీ అదే చిక్కు.

కొత్త పేటల్లో దీన్ని ఇంకో దారిలో విప్పారు. పెర్ల్ దీవిలో ఇంటింటికీ ఏసీ యంత్రాల్లేవు, దీవి మొత్తానికి ఒకే చల్లటి నీళ్ళ కేంద్రం. 1,30,000 టన్నుల సామర్థ్యం, ప్రపంచంలో పెద్దవాటిలో ఒకటి. విడివిడి ఏసీల కన్నా ఇది కరెంటు బాగా తక్కువ తాగుతుంది. ముషైరిబ్‌లో ఊరి నడిబొడ్డున కొత్త పేట కట్టినప్పుడు వీధుల్ని మళ్ళీ ఇరుగ్గా, నీడ పడేట్టు, సముద్రపు గాలి దూరేట్టు వేశారు. కొట్టేసిన సిక్కాలు యాభై ఏళ్ళకి తిరిగొచ్చాయి, ఇంకాస్త ఖరీదైన అద్దెలతో. 2022 అక్టోబరులో అల్ ఖర్సాలో 800 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం మొదలైంది. అన్నీ మంచివే. తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఉండేది మాత్రం ఈ పేటల్లో కాదు. పాత విల్లాల్లో ప్లైవుడ్ అడ్డాలు కొట్టిన గదుల్లో, లేబర్ క్యాంపుల్లో.

క్యాంపుల గురించి ఒక మాట చెప్పాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని 2007 నుంచీ ఇక్కడ నిబంధన ఉంది. 2021లో దాన్ని పెంచి, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున్న పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకూ అన్నారు. ఎండా తేమా కలిపి కొలిచే సూచిక 32.1 దాటితే ఏ వేళైనా పని ఆపాలని కూడా చేర్చారు. అంటే ఆ ఒళ్ళు ఎంత వేడి భరిస్తోందో చట్టమే ఒప్పుకుంది. అలాంటి పగలు గడిపినవాడికి రాత్రి చల్లటి గదిలో నిద్ర మందులాంటిది. పొదుపు పోస్టర్లు క్యాంపు గోడల మీద అంటించేవాళ్ళు ముందు రాత్రంతా ఖాళీగా చల్లబడే ఆఫీసు అంతస్తులు చూసి రావాలి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఎండాకాలం స్వెట్టర్లు వేసుకునేవాళ్ళం.

ఇళ్ళల్లో పనిచేసే ఉపాయాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక కేరళ కుటుంబం చెప్పిన గీజరు కిటుకు. జూలైలో డాబా మీద ట్యాంకు నీళ్ళు ఉడికి, చల్లటి కుళాయి తిప్పినా ఒళ్ళు కాలేట్టు వస్తాయి. గీజరేమో లోపల, ఏసీ ఉన్న ఇంట్లో ఉంటుంది. మే నెలలో దాని స్విచ్ ఆపేస్తే అది చల్లటి నీళ్ళ కుండలా మారుతుంది. అప్పట్నుంచీ స్నానానికి వేడి కుళాయి తిప్పాలి, చల్లటి నీళ్ళొస్తాయి! కొత్తగా వచ్చిన చుట్టాలకి దీన్ని వివరించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. ఇంకొకటి సీలింగు ఫ్యాను. దోహా ఫ్లాట్లలో సాధారణంగా ఫ్యాను ఉండదు, కొక్కెం కూడా ఉండదు. ఒకటిన్నర టన్ను ఏసీ నడిచే కరెంటుతో ఇరవై ఫ్యాన్లు తిరుగుతాయి. ఫ్యానుంటే 26 డిగ్రీలు కూడా 24లా అనిపిస్తుంది. గాలిబురుజు చేసిన పని కూడా ఇదే, ఒంటి మీద గాలి కదిలించడం. మేము నిలబడే ఫ్యాను ఒకటి కొని ఏసీకి ఎదురుగా పెట్టాం. దుమ్ము తుఫాను వచ్చిపోయిన మర్నాడు ఏసీ ఫిల్టరు కడగడం కూడా ఈ జాబితాలోదే, కాకపోతే అది చెప్పినంత సరదాగా ఉండదు.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, డాబాలకి ఎండని తిప్పికొట్టే తెల్లటి పూత వెయ్యమని. అది చదివి మా నాన్న, "సున్నం కొట్టమని చెప్పడానికి ఇంత పాలసీయా" అన్నారు. పగడపు రాయి మీద తెల్లటి జిప్సం పూసిన దోహా మేస్త్రీలూ అదే అనేవాళ్ళేమో.

జగిత్యాల స్నేహితుడి మాట చెప్పి ముగిస్తాను. వాళ్ళ విల్లాలో తొమ్మిదిమంది, నాలుగు గదులు, అద్దె కహ్రామా కలిపే. ఒకసారి నేను పొదుపు పాఠం మొదలుపెడితే అతను సూటిగా అడిగాడు: "అన్నా, నేను లేనప్పుడు ఏసీ బంద్ జేస్తే మిగిలేది ఓనరుకు గదా. మనకేం మిగుల్తది?" నా దగ్గర జవాబు లేదు. 75 కిలోల లెక్క అప్పుడు చెప్పబుద్ధి కాలేదు. ఆ ప్రశ్ననే వాళ్ళు ఇంటాయన దగ్గరికి తీసుకెళ్ళారు. పాత బిల్లులు ముందు పెట్టి, వాటి కన్నా ఏ నెల తగ్గితే ఆ నెల తేడాలో సగం అద్దెలో కొట్టెయ్యాలని మాట్లాడుకున్నారు. ఆయన రెండు వారాలు ఆలోచించి ఒప్పుకున్నాడు. మర్నాడే వీళ్ళు హార్డువేర్ షాపుకెళ్ళి తలుపుల కింద సందులకి రబ్బరు పట్టీలు, పడమటి కిటికీలకి వెండిరంగు రేకు కాగితం తెచ్చారు. గుమ్మం పక్కన గోడకి ఒక నోటుబుక్కు వేలాడదీశారు. ప్రతి శుక్రవారం నమాజు వేళకి ఎవరి వంతైతే వాళ్ళు మీటరు దగ్గరికెళ్ళి అంకె చూసొచ్చి రాస్తున్నారు. ఊళ్ళో వాళ్ళమ్మ చేసే పనే.